మట్టిలో జాడ లేని మొక్క

"ఎవురయ్యా నువ్వు? ఎవుర్నడిగి మా బావిలోకి దిగినావు?"

మునిరత్నమ్మ కేక గుడియాత్తం దాకా వినబడే ఉంటుంది.

ఆమె చేలో సగం తవ్విన బావిలోంచి ఒక మనిషి పైకి వచ్చాడు. భుజాన గుడ్డసంచి, చేతిలో గట్టిపడిన మట్టిపెళ్ళ.

"నేల పొరలు చూస్తా ఉండానమ్మా. ఇదో, ఇందులో నేరేడాకు అచ్చు పడుండాది. వేల ఏండ్ల నాటిది."

"అయితే?"

"అడుగు పొరలో నేరేడు, కానగ, అన్నీ ఉండాయి. ఆ ఉన్నిచెడి మాత్రం లేదు."

చేని చుట్టూ ఎరుపూ పసుపూ పూలతో గుబురుగా పెరిగిన కంచెను చూపించాడు.

"దాని జాడ పైపొరలోనే ఉండాది. అది వచ్చినాక కిందుండే మొక్కలు ఒక్కోటే కనబడకుండా పోయినాయి. బయట్నుంచి వచ్చింది. వేళ్ళతో సహా పీకెయ్యాల."

అంతే, మునిరత్నమ్మకు ఒళ్ళు మండిపోయింది.

మద్రాసు రాష్ట్రం నుంచి ఆంధ్ర విడిపోయిన ఏడాది అది. ఎల్ల ఎక్కడ పడుతుందోనని ఊరూరా ఒకటే గోల. 'తెలుగోళ్ళు ఆంధ్రకు పొండి' అని సంతలో అరవ కుర్రకారు మొహం మీదే అంటున్నారు. చేని కంచె అంటే చేని హద్దు. దాన్నే పీకమనేవాడు ఎల్లలు గీసే సర్కారు మనిషి కాక ఇంకెవరు?

"ఎవురు ముందొచ్చినారు, ఎవురు వెనకొచ్చినారు అని మట్టి తవ్వి తేలుస్తావా? మా ముత్తాతలు ఈ మట్టిలోనే కలిసిపోయినారు. మమ్మల్ని పీకే మొగోడు ఇంకా పుట్టలేదు, పో!"

"నేను చెప్పేది చెట్టు గురించమ్మా..."

"ఇంత చక్కగా తెలుగు మాట్లాడతావే! నీ బాసోళ్ళనే తరిమేదానికి సిగ్గు లేదా?"

మట్టిపెళ్ళ లాక్కుని బండకేసి కొట్టింది. వేల ఏళ్ళు నిలిచిన ఆకు పొడిపొడి అయిపోయింది.

అతను ఆ పొడిని ఓసారి చూసి, సంచి భుజాన సర్దుకున్నాడు.

"మన పసరాలకు దాని విషం తెలీదమ్మా. మేత లేనప్పుడు తింటాయి. తింటే బతకవు" అని మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు.

సర్కారునే ఎదిరించానని మునిరత్నమ్మ ఊరంతా చెప్పుకుంది.

ఎండాకాలం వచ్చింది. గడ్డిపోచ లేదు. కాడెద్దులు రెండూ కంచె మీద పడ్డాయి. కళ్ళు పచ్చబడి, ఒకదాని వెనక ఒకటి కూలిపోయాయి.

"ఉన్నిచెడి మేసినాయమ్మా" అన్నాడు వేలూరు నుంచి వచ్చిన పశువుల డాక్టరు.

మునిరత్నమ్మ కంచెనంతా చేతులతోనే పెరికి పారేసింది. అరచేతులు నెత్తురు కారుతున్నా ఆగలేదు. ఆనాటి మనిషి ఆనవాళ్ళు చెబితే డాక్టరు గుర్తుపట్టాడు. మట్టిలో పాతకాలపు మొక్కల్ని వెతికే సారు, వేలూరు పక్కన బాగాయంలో ఉంటాడన్నాడు.

బాగాయంలో ఆయన అద్దెకున్న ఇంటావిడ అంబుజం ఖాళీ గది చూపించింది.

"తిరువేంగడం సారా? పోయిన నెలే ఎళ్ళిపోయినాడు. యాడికో చెప్పలేదు."

మునిరత్నమ్మ గుమ్మంలోనే చేతులు జోడించింది.

"తప్పయిపాయ తల్లీ. తెలుగోడివై తెలుగోళ్ళనే తరమతావా అని నోరు పారేసుకున్న్యా. కాళ్ళు పట్టుకుందామని వచ్చినా."

అంబుజం వింతగా చూసింది.

"ఎన్నమ్మా, ఆయన తెలుగోడు యాడ? ఎల్లకు ఆ పక్క ఆంధ్రలో నాలుగు తరాలుగా బతికినా, రాష్ట్రం విడిపోతానే 'మీరు అరవోళ్ళు, ఈడుండొద్దు' అని ఊరోళ్ళు సామాన్లు వీధిలో పారేస్తే, కట్టుగుడ్డలతో ఈడికొచ్చినాడు."