సిక్ లిస్టులో ఒక్క దూడ

"రెండు వారాలన్నారు డాక్టరుగారూ! మూడో నెల నడుస్తోంది, మీ దూడ తప్ప!"

సుందరరామయ్య విసురుగా రిజిస్టరు మూశాడు. ఘాజియాబాద్ దగ్గరి ఆ సర్కారు డెయిరీలో ఆయన హెడ్ క్లర్కు. అక్కడి రూలు ఒకటే. పాలివ్వని దున్నదూడ కాస్త నడవగలిగితే వేలానికి, అంటే కసాయి లారీకి. నడవలేనిది సిక్ లిస్టులో ఉంటుంది. ముందుకాళ్లు ముడుచుకుని పుట్టిన ఈ ఒక్కదాని మూలంగా పై ఆఫీసుకు సంజాయిషీలు రాయలేక ఆయన ప్రాణం విసిగిపోయింది.

"నేనేం చేసేదండీ?" డాక్టరు నాగభూషణం దూడ కాళ్లకున్న ప్లాస్టిక్ పైపు ముక్కలు చూపించాడు. "దూది పెట్టి గట్టిగా కడతాను. ఎవరో విప్పేస్తారు. అరే తేజ్‌పాల్! కిత్నీ బార్ బోలా? పట్టీ మత్ ఛూనా!" అని కట్టు ముట్టుకోవద్దన్నట్టు కసిరాడు.

కాపలా కాసే తేజ్‌పాల్ తల వంచుకున్నాడు. నవ్వాపుకుంటున్నట్టు అనిపించి సుందరరామయ్యకు ఒళ్లు మండింది.

"వీణ్ణి తీసేయించండి సార్."

"చూద్దాం. నా చేతులతో పురుడు పోసిన దూడండీ. నిలబెట్టలేకపోతే నా చదువు దండగ."

షెడ్డు పక్కన సుందరరామయ్య ముచ్చటపడి వేయించిన మెంతి మడి మళ్లీ తొక్కేసి ఉంది. కుక్కల పనేనన్నాడు డాక్టరు. సుందరరామయ్య గొణుక్కుంటూ స్కూటరు తన్నాడు. షెడ్డు రేకులు అదిరాయి.

"సైలెన్సర్ మార్పించాలి."

"ఇప్పుడేం తొందరండీ? ఇంజను బాగుందిగా!" అన్నాడు డాక్టరు.

తర్వాతి సోమవారం ఆ స్కూటరు పూర్తిగా మొరాయించింది. తొంభై నాలుగు జనవరి చలి. సుందరరామయ్య పొగమంచులో బస్సు దిగి, తిట్టుకుంటూ నడిచి వచ్చాడు.

మెంతి మడిలో దూడ గంతులేస్తోంది! నాలుగు కాళ్లూ తిన్నగా ఉన్నాయి. పక్కనే శాలువా ముసుగేసుకున్న మనిషి, పైపు ముక్కలు చంకలో పెట్టుకుని, ఒక చెవి గేటువైపు వేసి, దానికి మెంతాకు తినిపిస్తున్నాడు.

"దొరికావురా దొంగా! డాక్టరుగారి పరువు తీస్తావా? ఇవాళే నీ ఉద్యోగం ఊడగొట్టిస్తా!"

"బాబూజీ, చాయ్ పీయేంగే?"

వెనక రెండు గ్లాసులతో తేజ్‌పాల్ నిలబడి ఉన్నాడు.

ముసుగులోంచి తల తిప్పింది డాక్టరు నాగభూషణం.