డోలు పిలవని మనిషి

దోత్సే పెద్ద డోలు మీద అందరినీ పిలిచాడు. ఎసినామ్‌ను ఒక్కదాన్నే పిలవలేదు.

అన్యాకో ఊళ్ళో డోలుకు మాటలొచ్చు. ఆటలో ఉన్న ప్రతి మనిషికీ ఒక బిరుదు ఉంటుంది. పెద్ద డోలు ఆ బిరుదు పలికితే ఆ మనిషి బరి నడుమకు వచ్చి ఆడాలి. పిలుపు లేనివాళ్ళు అంచున నిలబడి కాళ్ళు కదపొచ్చు. అంతే.

వానలు వచ్చి పోయాయి. ఉల్లి మళ్ళు మళ్ళీ తవ్వారు. ఎసినామ్ ఇంకా అంచునే ఉంది.

దోత్సే తల్లి చనిపోయినప్పుడు ఎసినామ్ లోమే పట్నం బజారులో ఉల్లి అమ్ముకుంటోంది. మట్టి చెయ్యడానికి ఊరంతా వచ్చింది. సరస్సు అవతలి ఒడ్డువాళ్ళు కూడా పడవలెక్కి వచ్చారు. ఎసినామ్ రాలేదు. కబురు అందేసరికే పూడ్చేశారని తర్వాత చెప్పుకుంది. ఎవరూ నమ్మలేదు. దొంగనైతే అన్యాకో నాలుగు తిట్టి, ఇంత ముద్ద పెడుతుంది. చావుకు రానివాళ్ళతో మాట కలపదు.

ఆమె రేవుకు వెళితే ఆడవాళ్ళు మాట మింగేసేవారు. ఇంటికొస్తే సరేసరి. బల్లి తప్ప పలికే ప్రాణి లేదు. ఒక మూల కూర్చుని తన వంతు ముద్ద తిని, చాప పరుచుకునేది.

అందుకే ఆటలో చేరింది. డోలు పిలిస్తే ఊరు పిలిచినట్టే.

ఆటకు పెద్ద దిక్కు అకూ అత్త. ఆమె కాదనలేదు. ముందు పూసలు అల్లిన సొరబుర్ర చేతికిచ్చి ఊపమంది.

"గంట తాళాన్ని వదలకు. పెద్ద డోలు ఎన్ని వేషాలైనా వేస్తుంది. దాని వెంట పడ్డావా, పోయావే."

ఎసినామ్ రోజూ దాని వెంటే పడేది. తాళం తప్పేది. అకూ అత్త ముసలి గాబ్లా చేతిలోని గంట కర్ర లాక్కుని మోకాలి మీద ఒకటి వేసేది.

"దీని చెవులు గంట మీద లేవత్తా" అంది మవుసి, పక్కన ఆడుతూ. "ఎక్కడున్నాయో నీకు తెలీదా ఏంటి?"

ఆడవాళ్ళు నవ్వబోయి ఊరుకున్నారు.

బుర్ర కుదిరాక ఆట నేర్పారు. మోకాళ్ళు వంచి, వీపు రెక్కలు ముడిచి విప్పాలి, కొంగ నీళ్ళ మీద వాలినట్టు. అది ఆమెకు తొందరగానే వచ్చింది. ఆ వీపు ఎవరికీ లేదని మవుసి కూడా ఒప్పుకుంది. డోలు 'ఉప్పు మోసినా వంగని నడుము' అంటే అకూ అత్త నడుమకు వెళ్ళేది. 'ఎదురుగాలికి నవ్వే తెరచాప' అంటే మవుసి వెళ్ళేది. నిన్నగాక మొన్న చేరినవాళ్ళకు కూడా బిరుదులు వచ్చాయి. దోత్సే చూపు అందరి ముఖాల మీదా నడిచి, ఎసినామ్ దగ్గరికి వచ్చేసరికి ఆమె తల మీదుగా సరస్సు వైపు పోయేది.

ఒకనాడు ఆగలేక పిలవకుండానే నడుమకు అడుగు వేసింది. డోలు ఆగిపోయింది. గంట కూడా ఆగింది. అకూ అత్త జబ్బ పట్టుకుని వెనక్కి లాగింది.

"నాకెందుకు పేరు లేదత్తా?"

"పేరు కట్టేది వాడు. నేను కాదు."

"నువ్వు చెబితే వింటాడు."

"చెప్పాను. 'నా తల్లికి పిడికెడు మట్టి వెయ్యనిదానికి పేరేమిటి' అన్నాడు. నువ్వే అడగవే, నోరు లేదా?"

ఎసినామ్ కాలి వేలితో ఇసుక గీసింది. "నాకు నోరుంది. ఆయనకే చెవి లేదు."

చీకటి పడబోతుంటే అందరూ జట్లు జట్లుగా ఇళ్ళకు పోయేవారు. దోత్సే డోలు నెత్తిన పెట్టుకుని ముందు పోయేవాడు. అతను మలుపు తిరిగేదాకా ఎసినామ్ దోవలో నిలబడి, తర్వాత ఒక్కతే నడిచేది.

గంట వాయించే ముసలాయన గాబ్లా చనిపోయాడు. శనివారం ఆయన పేరున ఆట పెట్టారు. ఎసినామ్ చావులకు కట్టే ఎర్రగుడ్డ కట్టుకుని వెళ్ళింది. ఇవాళ కూడా డోలు పిలవకపోతే తిరిగి లోమే పోదామనుకుంది. ఇక రాకూడదనుకుంది.

డోలు వరసగా పిలిచింది. అకూ అత్త ఆడింది. మవుసి ఆడింది. చుట్టాలు ఆడారు, పొరుగూరివాళ్ళు ఆడారు. ఎండ వాలింది. ఆడవాళ్ళు నడుము గుడ్డలు బిగించి ఇక ముగింపు పాట అందుకోబోయారు.

అప్పుడు డోలు ఎవరూ ఎరగని మాట అంది. 'ఆలస్యమైన కొంగా, రేవు ఇక్కడే ఉంది.'

జనం మొహమొహాలు చూసుకున్నారు. ఎవరూ కదల్లేదు. డోలు మళ్ళీ అదే మాట అంది.

అకూ అత్త ఆమె వీపున చెయ్యి వేసి నెట్టింది. "పోవే. నిన్నే."

ఎసినామ్ వెళ్ళింది. ఎలా ఆడిందో ఆమెకు తెలియదు. వీపు దానంతటదే ముడుచుకుని విచ్చుకుంది. మవుసి వచ్చి కొంగుతో ఆమె ముఖం తుడిచింది, గాలి విసిరింది. ఎవరో నీళ్ళు తాగించారు. తిరిగి వచ్చేటప్పుడు దోవ పొడుగునా పలకరింపులే. రేపు ఉల్లి పీకడానికి వస్తావా అని ఒకామె అడిగింది. లోమేలో చేపల ధర ఎలా ఉండేదని ఇంకొకామె అడిగింది. ఆమె అందరికీ జవాబు చెప్పింది. చాలా రోజుల తర్వాత ఆమెకు గొంతు బొంగురుపోయింది.

ఆ సాయంత్రం ఆమె వడ్డించిన సంకటిని, తల్లి పోయిన నాటి నుంచి తింటున్నట్టే, తలెత్తకుండా, ఒక్క మాట అనకుండా తిని, చెయ్యి కడుక్కుని లేచిపోయాడు ఆమె మొగుడు దోత్సే.