ఒక్కతేనా పిల్ల?

“అవ్వ పక్కనుంచి లేస్తే కాళ్ళిరగ్గొడ్త” అని కొడుకునీ, ఆడబిడ్డ కూతుళ్ళిద్దరినీ ఆటో స్టాండు రేకుల కింద కూర్చోబెట్టింది సంగీత.

అత్త సోమ్లి మూతి తిప్పింది. “పిల్లలేమన్న దొంగసొమ్మా, గిట్ల దాచనీకి?”

“ఏం జేయమంటవ్ అత్తా? నలుగురని చెప్పిన కాడల్లా తలుపేసుకున్నరు. ఈడ ఒక్కతే అని చెప్త. ఇల్లు చేతికొచ్చినంక మెల్లగ ఒక్కొక్కర్ని తెచ్చుకుందం.”

నలుగురిలోకీ చిన్నదైన తన కూతురు సింధు చెయ్యి పట్టుకుని బయల్దేరింది. సంగీత భర్త కోటేష్‌కి ఈ పినపాక వైపు సబ్‌స్టేషన్లో కొత్తగా ఉద్యోగం వచ్చింది. ఊళ్ళోనే కాపురముండాలి. ఏన్కూరు దగ్గర తండా నుంచి రోజూ వచ్చిపోవడం అయ్యే పని కాదు. ఇళ్ళేమో దొరకడం లేదు. ఆడబిడ్డ కన్నుమూసినప్పటి నుంచీ ఆమె కూతుళ్ళిద్దరూ సంగీత దగ్గరే పెరుగుతున్నారు. ఆ ఇద్దర్నీ హాస్టల్లో వేస్తే ఇల్లు ఇట్టే దొరుకుతుందని అందరూ సలహా ఇచ్చారు. సలహాదేముంది, ఊరికే వస్తుంది. సంగీత చెయ్యి పట్టుకుంటే గాని ఆ పిల్లలకు నిద్ర పట్టదని ఆ పెద్దమనుషులకేం తెలుసు? ఊళ్ళో ఇక మిగిలింది షుకూర్ సాబ్ ఇల్లొక్కటే. ఇదీ పోతే హాస్టలే గతి.

“ఆయన మహా మొండోడు” అని ఆటో రామన్న ముందే బెదరగొట్టాడు. “మొన్న ఇంజనీరు మొగుడూపెళ్ళాలు వచ్చిండ్రు. పిల్లల్లేరు, అడిగినంత కిరాయి ఇస్తమన్నరు. అయినా లేదు పొమ్మన్నడు.”

పిల్లల్లేని వాళ్ళనే గడప తొక్కనివ్వలేదంటే ఇక తనెంత? అయినా కొంగు బిగించి లోపలికి వెళ్ళింది.

షుకూర్‌కి ఊళ్ళో ఇనుప సామాను దుకాణముంది. నెరిసిన గడ్డం, తక్కువ మాట. ఖాళీగా ఉన్న రెండు గదులూ, వసారా చూపించాడు. ఇల్లు కడిగిన ముత్యంలా ఉంది. ప్రహరీ అవతలే సర్కారు బడి. పట్టపగలు కూడా అందులోంచి కిక్కురుమన్న చప్పుడు లేదు. ఈయన ధాటికి బడిపిల్లలు కూడా నోరు మూసుకున్నారు కాబోలు అనుకుంది సంగీత.

“ఎవరెవరుంటరు బిడ్డా?”

“నేను, మా ఆయన, మా అత్త, ఇగో ఈ పిల్ల.”

“ఒక్కతేనా పిల్ల?”

“అవ్ సాబ్, ఒక్కతే.”

షుకూర్ మొహం వాడిపోయింది. ఒక్క పిల్ల కూడా ఎక్కువైందని సంగీత కంగారుపడింది. “నోట్లో నాలుక లేని పిల్ల సాబ్. ఇంట్ల ఉన్నదో లేదో గూడ తెల్వదు.”

ఆయన నిట్టూర్చాడు. “ఏడ చదివిస్తరు? కాన్వెంటు వ్యానెక్కిస్తరా?”

“గన్ని ఫీజులు మాతోటి యాడైతయి?” అనేసి నాలుక కరుచుకుంది. కిరాయి కట్టగలమా లేదా అని ఆరా తీస్తున్నట్టున్నాడు, చేజేతులా చెడగొట్టుకున్నానే అనుకుంది.

షుకూర్ సింధు వైపు కాసేపు చూశాడు. “పిల్ల మంచిగున్నది. కాని ఒక్కతే…” అని గడ్డం నిమురుకున్నాడు. “ఇంకెవరన్న వస్తరేమో చూస్త బిడ్డా. ఏమనుకోకు.”

సంగీత వెనక్కి తిరగబోయింది. ఇంతలో ఆయన భార్య షాకేరా బిస్కెట్ల పళ్ళెంతో వచ్చి, “తీస్కో తల్లీ” అని సింధు ముందు పెట్టింది.

సింధు ఒకటి తీసుకుంది. తినలేదు. రెండో చెయ్యి కూడా చాపి, “అన్నకొకటి, అక్కలకు రెండు” అంది.

షాకేరా సంగీత వైపు చూసింది. షుకూర్ కూడా చూశాడు. సంగీతకు ముందు సిగ్గేసింది. తర్వాత తన మీద తనకే ఒళ్ళు మండింది. ఎన్ని గడపల ముందు ఇలా నసుగుతూ నిలబడాలి? కన్నపిల్లలనూ పెంచిన పిల్లలనూ లేరని చెప్పుకుంటూ ఎంతకాలం?

“అబద్ధమాడిన సాబ్. నాకు నలుగురు. ఇద్దరు నేను కన్నోళ్ళు, ఇద్దరు తల్లి లేనోళ్ళు. నలుగురూ నా పిల్లలే. ఇల్లిస్తే నలుగురితోటి వస్త. లేకుంటే నలుగురితోటే పోత. ఇగ ఎవ్వరి ముంగట దాచను.”

అనేశాక గుండెల మీది బరువు దిగింది. సింధు చెయ్యి పట్టుకుని, తలెత్తుకుని గుమ్మం వైపు నడిచింది.

“ఆగు బిడ్డా.” షుకూర్ దిగ్గున లేచాడు. “నలుగురా? ఎన్నో తరగతులు?”

“పెద్దది నాలుగు, ఇది ఒకటి. మిగిలినోళ్ళు నడుమల.”

“ఇప్పుడేడున్నరు?”

“ఆటో స్టాండ్ల.”

“ఎండల కూసోబెట్టినవా? జల్దీ పిలువు పో.” తాళంచెవి సంగీత చేతిలో పెట్టేశాడు. “కిరాయి నీకెంత కుదిరితే గంత.”

సంగీతకు ఏమీ అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరిక కూడా లేదు, పరుగున వెళ్ళింది. కాసేపటికి పిల్లలు వసారాలోకి దూసుకొచ్చి, అరుగు మీంచి దూకి, గదులన్నీ తొక్కేశారు. సోమ్లి పెళ్ళివారి పెద్దలా ఠీవిగా నడిచి వచ్చింది. ‘ఎవర్నీ పంపక్కర్లేదు, ఎవర్నీ’ అనుకుంటూ సంగీత ఆడబిడ్డ కూతుళ్ళిద్దర్నీ దగ్గరకు లాక్కుంది. కళ్ళు తుడుచుకుని, అంతలోనే కొడుకుని గదిమింది. “అరవకురా, సాబ్ ఉన్నడు.”

“అరవనియ్యి బిడ్డా, మంచిగ అరవనియ్యి” అన్నాడు షుకూర్.

తర్వాత ప్రహరీ దగ్గరికి నడిచి ఫోన్ చేశాడు. ఆయన చూపు అవతలి బడి మీదే ఉంది.

“హెడ్మాస్టర్ సాబ్, మన బడి ఇగ మూతపడదు.”