అన్నీ చచ్చాయి

"అన్నీ చచ్చాయమ్మాయ్! ఒక్కటీ మిగల్లేదు."

అంతే, ఫోన్ పెట్టేశాడు ఎలుకల గది చూసుకునే బాబాయ్. ఫోన్‌లో రెండో మాట మాట్లాడే అలవాటు ఆయనకు లేదు.

ల్యాబ్‌లో ఫోన్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది కెమిస్టు. చేతిలోని గాజు గొట్టాన్ని ఎలాగో స్టాండులో పెట్టింది.

మనిషి రక్తంలో చేరి పీల్చి పిప్పి చేసే పురుగుల కోసం మూడేళ్ళుగా ఆమె ఒక అణువును కడుతోంది. ఐదు మూలల వలయం. మూడు మూలల్లో కార్బన్, ఒక మూలలో నైట్రోజన్. ఐదో మూలలో ఆక్సిజన్ ఉన్నంతకాలం పురుగులకు చీమ కుట్టినట్టయినా లేదు. దాన్ని తీసి సల్ఫర్ పెట్టింది. "ఒక్క మూల మారిస్తే ఇల్లే మారిపోతుందా?" అని పక్క బల్లవాళ్ళు ఆటపట్టించారు. మారుతుందని ఆమెకు తెలుసు. పురుగును చంపేంత ఘాటు రావాలి, పురుగున్న ఒంటికి మాత్రం ఏమీ కాకూడదు. అది తేల్చుకోవడానికే రక్తంలో ఆ పురుగులున్న పన్నెండు ఎలుకలకు ఆ మందు పెట్టించింది.

పన్నెండూ పోయాయి. మందు చేస్తున్నాననుకుని విషం చేసింది.

పదిన్నరకు కమిటీ. మనుషులకు ఇచ్చి చూడొచ్చో లేదో ఇవాళే తేలుస్తారు. ఆమె మెట్లెక్కి పరుగెత్తింది. కమిటీ గది ముందు పెద్దసారు కాగితాలు సర్దుకుంటున్నాడు.

"సార్, ఎలుకల గది నుంచి ఫోనొచ్చింది. అన్నీ చచ్చాయి సార్."

"అన్నీనా?"

"ఒక్కటీ మిగల్లేదట." ఆమె కళ్ళు తుడుచుకుంది.

పెద్దసారు మొహం చాటంతయింది. "శభాష్! సల్ఫర్ పెట్టావనగానే అనుకున్నా, ఇక పురుగుల పని అయిపోయిందని! దీనికి ఏడుస్తారా, పిచ్చిపిల్లా?"

"అది కాదు సార్, చచ్చింది..."

ఆయన అప్పటికే లోపలికి దూరాడు. తలుపు మూసుకుంది.

తలుపు కొట్టడానికి ఆమె చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఆగింది. అవును, బాబాయ్ 'అన్నీ' అన్నాడు గానీ 'ఎలుకలు' అనలేదే! నిజంగా పురుగులేనేమో. ఇప్పుడు లోపలికెళ్ళి నోరు జారితే మూడేళ్ళ కష్టాన్ని తన చేతులతో తనే గంగలో కలిపినట్టు. బాబాయ్‌కి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. లోపల ఎవరో నవ్వారు, తర్వాత చప్పట్లు వినిపించాయి. ఆమె మూడోసారి ఫోన్ చేసింది. తలుపు మాత్రం కొట్టలేదు.

అంతలో సంతకం కోసం రిజిస్టరు పట్టుకుని, ఆయాసపడుతూ బాబాయే మెట్లెక్కి వచ్చాడు.

"బాబాయ్! ముందిది చెప్పు. పురుగులు చచ్చాయా?"

"చచ్చాయమ్మా. రక్తపు చుక్క మైక్రోస్కోపు కింద పెట్టి నేనే చూశా. ఒక్కటి కదిలితే ఒట్టు!"

ఆమె అక్కడున్న బెంచీ మీద కూలబడింది. నవ్వూ ఏడుపూ ఒకేసారి తన్నుకొచ్చాయి. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. పెద్దసారు ఆమె ముందు కాగితం ఆడించాడు.

"సంతకాలు అయిపోయాయమ్మా! వచ్చే నెల నుంచే మనుషులకు!"

ఆయన హుషారుగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆమె బాబాయ్ చేతులు పట్టుకుంది.

"ఎంత చల్లని కబురు చెప్పావు బాబాయ్! ఆ 'పురుగులు' అన్న ఒక్క మాట పొద్దున ఫోన్‌లోనే అనుంటే, నా పై ప్రాణాలు పైనే పోయేవి కాదుగా!"

బాబాయ్ ఆమెను అయోమయంగా చూశాడు.

"పురుగులు చచ్చింది నిన్న సాయంత్రమమ్మా. పొద్దున నేను ఫోన్ చేసింది ఎలుకల సంగతి చెప్పడానికి."