స్టిక్కరు కింద

బల్ల మీదున్న మంచినీళ్ల జగ్గులో ఆ పెద్దాయన హెడ్‌ల్యాంపును నిలువునా ముంచేశాడు.

షాపు యజమాని ఒక్క ఉదుటున లేచి దాన్ని లాక్కున్నాడు. అమ్మకానికి పెట్టిన సరుకుతో ఈ ఆటలేమిటని కసిరి, చొక్కాకే తుడిచేశాడు.

పక్కనే నిలబడ్డ టీచరమ్మకు నవ్వొచ్చింది. ఆ యజమాని ఆమెకు స్వయానా బావ. అక్క పెళ్లయిన ఈ పదేళ్లలో బావ అంత చురుగ్గా కదలడం చూడటం ఆమెకు అదే మొదటిసారి.

ఆమె వచ్చింది కూడా తలకు కట్టుకునే ఆ లైటు కోసమే. శనివారం పిల్లల్ని కొండెక్కించి, పొద్దు గుంకడం చూపించి, సగం దారిలో వేసిన గుడారాలకు చీకట్లో దింపాలి. అందరికీ లైట్లు కొనడం మావల్ల కాదు, ముందు నడిచే మీకొకటి ఉంటే చాలదా అన్నారు స్కూలువాళ్లు.

బావ ఏరి ఏరి అన్నిటికన్నా ఎక్కువ వెలుగిచ్చేది ఆమె చేతిలో పెట్టాడు. పెట్టె మీద షాపు స్టిక్కరు తళతళలాడుతోంది. ‘నమ్మకమే మా పెట్టుబడి’ అని రాసుంది.

“వెలుగు చూసి కొనకండమ్మా,” అన్నాడు పెద్దాయన. “చార్జింగ్ కన్నం మీది మూత చూడండి. గోటితో తాకితే ఊడొచ్చేస్తే, వానకి ముందు పోయేది అదే. కాస్త మసగ్గా వెలిగినా పర్వాలేదు, తెల్లార్లూ వెలిగేది తీసుకోండి.”

టీచరమ్మ గోటితో తాకి చూసింది. మూత ఊడొచ్చింది.

“మూతన్నాక రాదా మరదలా? రాకపోతే దాన్ని బిరడా అంటారు,” అని బావ నవ్వేశాడు. ఆపైన గొంతు తగ్గించి, పాపం ఉద్యోగం ఊడి మతి చెడిందనీ, ఊళ్లో షాపులన్నీ తిరుగుతూ కొనేవాళ్లను ఇలాగే బెదరగొడుతున్నాడనీ చెప్పాడు. “నీకు చెడ్డది అంటగడితే మీ అక్క నాకు అన్నం పెడుతుందా?”

ఆ మాటతో ఆమె అనుమానం కాస్తా ఎగిరిపోయింది.

పెద్దాయన ఇంకా వదల్లేదు. ఆ పెట్టె మీది స్టిక్కరు తీసి చూడమని ఏదో చెప్పబోయాడు. బావ ఆయన రెక్క పుచ్చుకుని గుమ్మం దాకా నెట్టుకెళ్లాడు.

గుమ్మంలో ఆగి ఆయన వెనక్కి తిరిగాడు. ఎంతమంది వెళ్తున్నారని అడిగాడు. ఎనిమిది మంది పిల్లలూ నేనూ శనివారం వెళ్తున్నామని చెప్పేసింది టీచరమ్మ.

“ఏ కొండకమ్మా?”

ఆయన భుజం మీదుగా బావ వద్దన్నట్టు తల ఊపాడు. మతిలేని మనిషి పిల్లల వెంట పడితే ఏమవుతుందోనని ఆమెకూ భయమేసింది.

“తూర్పు కొండకి,” అంది. వాళ్లు వెళ్లేది పడమటి కొండకి.

శనివారం దిగేటప్పుడు వాన పట్టుకుంది. పావుగంట తిరక్కుండా లైటు గుడ్డిదైపోయింది. ఫోను వెలుగు ఇంకో పావుగంట వచ్చింది. ఒక పిల్ల కాలు జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఇక అడుగు వెయ్యలేక అందరూ ఒక బండ చాటున ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని తెల్లారేదాకా కూర్చున్నారు. పిల్ల ఏడుస్తున్నంతసేపూ టీచరమ్మకు బావ నవ్వే గుర్తొచ్చి ఒళ్లు మండిపోయింది. సొంత మనిషే ముంచాడు.

సోమవారం పొద్దున్నే షాపుకెళ్లి, లైటును పెట్టెతో సహా బల్ల మీద పెట్టింది. లైటులోంచి నీళ్లు కారి బల్ల తడిసింది.

“నీకు ముందే తెలుసా బావా?”

బావ తలెత్తలేదు. వాన పడుతుందని అనుకోలేదని మాత్రం గొణిగాడు.

“పరాయివాళ్లకైతే భయపడేవాడివి. ఇంట్లో మనిషిని కదా, ధైర్యంగా ఇచ్చావు.”

ఆ పెద్దాయన ఎక్కడుంటాడో చెప్పు, వెళ్లి క్షమించమని అడగాలి అంది. బావ చూపు మూలకి వెళ్లింది. అప్పుడు చూసిందామె, మూల స్టూలు మీద కూర్చున్న ఫారెస్టు గార్డును. ఆయన ఒళ్లో తడిసిన గుడ్డసంచి ఉంది.

“ఆ టీచరమ్మ మీరేనా మేడం?” అని లేచాడు గార్డు. “మాది తూర్పు కొండ. ఆయన శనివారం సాయంత్రం వచ్చాడు. పిల్లలెవరూ రాలేదని చెప్తే నమ్మలేదు. అడ్డదారిన ఎక్కుంటారని, వాన మొదలవగానే తనే పైకెక్కాడు.”

“దిగాడా?”

గార్డు సంచి ఆమెకు అందించాడు. “లోయలో దొరికాడు మేడం. తెల్లారి మేం చూసేసరికి తల మీద లైటు ఇంకా వెలుగుతూనే ఉంది.”

సంచిలో తొమ్మిది లైట్లున్నాయి. మసగ్గా వెలిగే రకం. పైన షాపు పేరుతో ఒక చీటీ, ఎడమవైపుకు వాలిన అక్షరాలు. ‘ఇక్కడ లైటు కొన్న టీచరమ్మకు. ఇవి రాత్రంతా నీళ్లలో ఉంచి చూసినవి. పిల్లలకు కూడా కట్టండి.’

టీచరమ్మ తన పెట్టెను దగ్గరకు లాక్కుంది. బావ చెయ్యి అడ్డం వచ్చింది. ఆ చేతిని తోసేసి, గోటితో ‘నమ్మకమే మా పెట్టుబడి’ని ఒలిచింది.

కింద కంపెనీవాళ్ల తనిఖీ కాగితం ఉంది. ‘నీళ్లు దిగుతున్నాయి. అమ్మకానికి పనికిరాదు’ అని రాసి, తనిఖీ అధికారి అన్నచోట సంతకం చేసిన అక్షరాలు కూడా ఎడమవైపుకే వాలి ఉన్నాయి.