క్షమించు బటన్

"ఇంటికి రావే, అందరూ చూస్తున్నారు," అన్నాడు ప్రకటనల్లో నటించే భర్త.

ఆమె కూడలిలో నిలబడి, ఫోన్లో ఆ ప్రకటనను ఆడించే బటన్ మళ్లీ నొక్కింది. పూలకొట్టు హోర్డింగు తెర మీద అతని బొమ్మ కన్నీళ్లతో చేతులు జోడించి, "తప్పు నాదే, క్షమించు," అంది.

"అది పూలు అమ్ముకోడానికి చెప్పించిన మాటే!"

"అయితేనేం? నిన్న చుట్టాల ముందు నన్ను మొద్దన్నారుగా. పెళ్లయ్యాక మీ నోట ఈ మాట వినడం ఇదే మొదటిసారి."

అతను తలెత్తి తన మొహం చూసుకున్నాడు. పూలకొట్టు కోసం అంత ఏడ్చినవాణ్ణి, ఈవిడ కోసం నోరైనా విప్పలేదే అనిపించింది.

"తప్పు నాదే," అన్నాడు. ఆమె వైపు తిరిగి చేతులు జోడించాడు.

ఆమె ఫోన్ సంచిలో వేసుకుంది. "పదండి."

బటన్ నొక్కే తన వంతు కోసం వెనక నిలబడ్డ పెద్దావిడ ఆశగా అడిగింది: "అమ్మాయ్, ఈయన్ని కాసేపు ఇక్కడే ఉంచి వెళ్తావా?"