పూస లేని గూడబాతు

ఆ ఊళ్లో ఇంటికో పుస్తకం. చింతచెట్లమీద పిల్లల్ని పెంచుకుని వెళ్లిపోయిన గూడబాతుల్లో ఆ ఇంటిది ఈరోజు ఏ చెరువులో ఉందో, కాలికి కట్టిన పూసను బట్టి పుస్తకమే ఉదయానికల్లా రాసి పెట్టేది. పురిటికొచ్చి వెళ్లిన కూతురి కబురులా దాలమ్మ దాన్ని చదువుకునేది.

వేసవిలో ఒకరోజు పేజీ ఖాళీగా వచ్చింది. మర్నాడూ అంతే. దాలమ్మ గంజి ముట్టలేదు.

“పూస ఊడిపోనాదేటో అత్తా! పుస్తకానికి పూసే గాని పిట్ట అగుపించదు గదా,” అంది కోడలు నీలవేణి.

“చచ్చిపోనాదే,” అని దాలమ్మ నెలల తరబడి ఏడ్చింది.

కార్తీకంలో పక్షులు దిగాయి. ముక్కుసంచిమీద పాత చిరుగుతో ఆమె గూడబాతు చింతకొమ్మపై వాలింది. కాలికి పూస లేదు. తాను ఇన్నాళ్లూ ఏడ్చింది ఒక పూస కోసమని దాలమ్మకు అప్పుడు తెలిసింది.

పూసలు కట్టే అమ్మాయి వచ్చింది. “మీది ఏది పెద్దమ్మా? కొత్తది కట్టేస్తాను.”

పూస కడితే మళ్లీ ఎప్పుడో ఊడుతుంది; ఇంకొక ఖాళీ పేజీకి దాలమ్మ గుండె ఓర్చదు. చూస్తే దొరికిపోతానని కొమ్మవైపు తలెత్తలేదు.

“మాది ఇంకా రానేదమ్మా. ఎదురు సూస్తన్నాను,” అంది.